ముడుచుకోని ఆకులు

అది తలుపు తట్టడం కాదు, తలుపును కొట్టడం. గోడకు వేలాడుతున్న క్యాలెండర్ ఊగింది. అసిస్టెంట్ చేతిలోని టీ కాస్తా అతని చొక్కా మీద ఒలికింది.

అతను గడియ తీసేలోపే ఒక యువతి గదిలోకి దూసుకొచ్చింది. జుట్టు రేగిపోయి ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చినందువల్ల కాదు, ఏడవకుండా ఆపుకున్నందువల్ల.

"డిటెక్టివమ్మ అంటే మీరేనా?"

"నేనే. కూర్చో," అంది బల్ల వెనక ఉన్న ఆవిడ. పొట్టి జుట్టు, సగం నెరిసింది. సూటిగా చూసే చూపు.

"కూర్చోడానికి రాలేదు. మా అత్త గాజుతోటలో పనిచేస్తుంది. తాతచెట్టుకి విషం పోసి చంపేసిందని అంటున్నారు. రేపు పొద్దున అందరి ముందూ తప్పు ఒప్పుకుని సంతకం పెట్టాలట, తోటవాళ్ళిచ్చిన గది ఖాళీ చెయ్యాలట. లేకపోతే పోలీసులకి పట్టిస్తారట."

"మీ అత్త ఏమంటోంది?"

"ఏమీ అనట్లేదు! అదే నా కడుపుమంట. ఇంట్లో నా మీదైతే కూర మాడిందని ఊరంతా వినేలా అరుస్తుంది. అక్కడ నోట్లో నాలుక లేనట్టు నిలబడింది. పొద్దున్నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు."

అసిస్టెంట్ చొక్కా తుడుచుకుంటూ అడిగాడు. "మీకూ మీ అత్తగారికీ పడుతుందా?"

"ఒక్క రోజు కూడా పడదు. కానీ ఆమెని తిట్టాలంటే నేను తిట్టాలి, ఆ సూటు వేసుకున్నాయన ఎవరండీ?"

డిటెక్టివమ్మ నవ్వలేదు, లేచి సంచి భుజానికి తగిలించుకుంది. "ఆ చెట్టును నా చిన్నప్పుడు తలెత్తి చూసి మెడ పట్టేసింది నాకు. పద," అంది మెల్లగా.

అసిస్టెంట్ గబగబా చెప్పులు వేసుకున్నాడు. మేడమ్ గొంతు పెరిగితే భయం లేదని, తగ్గినప్పుడే ఎవరికో మూడిందని అతనికి తెలుసు.

*

నగరం నడిబొడ్డున, ట్రాముల మోత మధ్య నిలబడిన గాజు కొండలా ఉంటుంది గాజుతోట. ఇనుప చట్రాల్లో బిగించిన అద్దాలు, లోపల ఎప్పుడూ ఉక్క. లోపలికి అడుగు పెట్టగానే అసిస్టెంట్ కళ్ళద్దాలు తెల్లగా కమ్ముకుపోయాయి. అతను గుడ్డివాడిలా చేతులు చాపుకుంటూ ఒక అరటిచెట్టుకు నమస్కారం పెట్టినంత పని చేశాడు.

"తుడుచుకో నాయనా, పని ఉంది," అంది డిటెక్టివమ్మ.

పెద్దహాలు మధ్యలో ఉంది తాతచెట్టు. తాటి జాతిది. ఈ తోట కట్టించిన పెద్దాయన సముద్రం అవతలి దీవి నుంచి జేబులో విత్తనం తెచ్చి నాటాడని, అది బతికి ఉన్నంతకాలం ఈ హాల్లో ఇంకేదీ కట్టకూడదని షరతు పెట్టాడని చెప్పుకుంటారు. ఇద్దరు మనుషులు చేతులు కలిపినా అందనంత మొదలు. తల దాదాపు గాజుకప్పును తాకుతోంది. కప్పు కింద హాలు చుట్టూ ఇనుప నడవ ఒకటి ఉంది. ఆ ఎత్తున, చెట్టు నడినెత్తిన, కొత్తగా రావలసిన ఆకు పసుపు తిరిగి వాలిపోయి ఉంది. కింది ఆకులింకా పచ్చగానే ఉన్నాయి.

చెట్టు మొదలు చుట్టూ నేల కనపడకుండా అత్తిపత్తి పరిచినట్టు పెరిగింది. దాని బయట సిమెంటు బాట. అసిస్టెంట్ వంగి ఒక ఆకును వేలితో తాకాడు. ఆకు రెక్కలు ముడుచుకుని కాడ వాలిపోయింది. అతను ఇంకోటి తాకాడు. ఇంకోటి.

"బడిపిల్లాడివా?" అని కసిరింది డిటెక్టివమ్మ. కానీ ఆమె అక్కణ్ణించి కదల్లేదు. ముడుచుకున్న ఆకులనే చూస్తూ నిలబడింది. అవి తెరుచుకునే సరికి అసిస్టెంట్ కాళ్ళు పీకడం మొదలైంది.

ఒక గొట్టం భుజాన వేసుకుని మెకానిక్ అటుగా వచ్చాడు. తుంపర నీళ్ళ గొట్టాలు, ఆవిరి గొట్టాలు అతని బాధ్యత.

"ఈ అత్తిపత్తి ఎవరు వేశారు?" అని అడిగింది డిటెక్టివమ్మ.

"పెద్దాయనే వేయించారంటండీ. పిల్లలు చెట్టు మీద పేర్లు చెక్కకుండా. పని చేసుకుంటూనే మేమంతా దాని మీద ఒక కన్నేసి ఉంచుతాం. ఎవడైనా దిగితే దారి కనపడిపోద్ది. మేం కూడా దిగం. తోటమ్మక్క అయితే బాట మీద నిలబడి పొడుగు గొట్టంతోనే నీళ్ళు పెడుతుంది."

"క్యాన్‌తో పెట్టదా?"

"కుండీలకి క్యాన్. ఈ చెట్టుకి క్యాన్ ఏం సరిపోద్దండీ, ఏనుక్కి చెంచాతో పాలు పట్టినట్టు!" అతను ఒక మూలకు చెయ్యి చూపించాడు. అక్కడ మేకులకు వరసగా నీళ్ళ క్యాన్లు బోర్లించి వేలాడుతున్నాయి. "నీళ్ళు నిలిస్తే దోమలు. బోర్లించకపోతే అక్క చెవులు పిండేస్తుంది. ఒక మేకు ఖాళీగా ఉంది చూశారా, అది అక్క క్యాన్‌ది. విషం దాంట్లోనే ఉందని డైరెక్టర్ సారు బీరువాలో పెట్టి తాళం వేశారు."

"పైనున్న ఆ నడవ మీదికి ఎవరు వెళ్తారు?"

మెకానిక్ మొహం మాడింది. "నేను వెళ్ళేవాణ్ణి. వానలు మొదలైనప్పుడు సారు నా తాళంచెవి తీసేసుకున్నారు. మెట్లు పుచ్చిపోయాయంట. పై గొట్టాలు మూసుకుపోతున్నాయి సారూ అంటే, 'నీకు ప్రాణం మీద తీపి లేదా' అన్నారు. నా ప్రాణం మీద ఆయనకి అంత ప్రేమ ఉందని నాకు అప్పుడే తెలిసింది."

"చెట్టు తల పసుపు తిరిగింది ఎప్పుడు?"

"ఆ తర్వాతే. వానలు బాగా ముదిరాక."

అందరూ తోటమ్మ అని పిలిచే ఆ అత్త హాలు వెనక, మట్టి బస్తాల గదిలో కూర్చుని ఉంది. ఎండిన మనిషి. గోళ్ళలో మట్టి. కోడలు వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"అత్తయ్యా, డిటెక్టివమ్మని తీసుకొచ్చాను. ఇప్పుడైనా నోరు విప్పు."

"ఎందుకొచ్చావే నువ్వు? పిల్లాడికి అన్నం పెట్టావా?"

"పెట్టాను. నువ్వు తిన్నావా?"

తోటమ్మ గోళ్ళలో మట్టి గిల్లుకుంది. డిటెక్టివమ్మ బస్తా మీదే కూర్చుంది. "అమ్మా, మీరెందుకు కాదని చెప్పలేదు?"

"ఎవరికి చెప్పాలి?" ఆమె తల పైకెత్తింది. "చెట్టు తల పసుపు తిరుగుతున్నప్పుడే వెళ్ళి చెప్పాను, సారూ, పైకెక్కి చూడనివ్వండి, ఏదో తేడాగా ఉంది అని. విన్నాడా? ఇప్పుడు నేనే చంపానంటున్నాడు. చంపిన చెట్టు కోసం ఎవరైనా అన్నిసార్లు వెళ్ళి కాళ్ళు పట్టుకుంటారా? నా మాట మీద వాళ్ళకి అంత గౌరవం ఉంటే, ఆ చెట్టు ఇవాళ బతికి ఉండేది. నేను ఇంక ఒక్క ముక్క కూడా చెప్పను."

"ఆ క్యాన్ దొరికిందంటున్న రోజు పొద్దున ఏం చేశారు?"

"తూర్పు వైపు బాట మీద నిలబడి, పక్కనున్న కుండీల ఆకులు గొట్టంతో కడిగాను. బయటికి వెళ్ళాను. అంతే."

*

డైరెక్టర్ గదిలో ఏసీ గుర్రుమంటోంది. నున్నగా గీసిన గడ్డం, ఇస్త్రీ నలగని సూటు. అతను నవ్వుతూ కుర్చీలు చూపించాడు.

"ఆమె మీద జాలితో వచ్చారు, అర్థం చేసుకోగలను. కానీ నా కళ్ళతో చూశానండీ. పడమటి తలుపు తీసేసరికి ఆమె చెట్టు మొదట్లో నిలబడి క్యాన్‌తో పోస్తోంది. నన్ను చూసి క్యాన్ అక్కడే వదిలేసి తూర్పు తలుపు వైపు పరుగు. క్యాన్‌లో ఇంకా గడ్డిమందు ఉంది. నీలంగా, ముక్కు పగిలే వాసన. ఆమెకి ఈ ఏడాది పని మాన్పించేస్తున్నాం, ఆ కక్ష."

"మీరు వెంటనే ఏం చేశారు?"

"వెంటనే ఫోటో తీశాను. ఆమె వీపు తలుపు దాటకముందే. ఇలాంటి విషయాల్లో నేను ఆలస్యం చెయ్యను."

అతను ఫోన్ ముందుకు తోశాడు. ఫోటోలో చెట్టు మొదలు, దానికి ఆనించి నిటారుగా నిలబెట్టిన క్యాన్, చుట్టూ పచ్చటి పరుపు. డిటెక్టివమ్మ దాన్ని పెద్దది చేసి చాలాసేపు చూసింది.

"ఆమె ఎక్కడుంది ఇందులో?"

"అప్పటికే పక్కకు తప్పుకుంది."

"ఈ ఫోటో మావాడికి పంపండి." ఆమె లేచి కిటికీ దగ్గర బల్ల మీదున్న అట్ట నమూనా వైపు నడిచింది. గాజుతోట పెద్దహాలు, చిన్నదిగా, ముద్దుగా. మధ్యలో వేదిక, చుట్టూ భోజనాల బల్లలు, అగ్గిపుల్లంత మనుషులు. "ఇదేమిటి?"

"చెట్టు ఎలాగూ పోయింది కదా. ఆ చోటు వృథా కాకుండా వేడుకల హాలు చేద్దామని. పోయిన వారమే అనుకున్నాం."

డిటెక్టివమ్మ వేలితో వేదిక మీద ఒక గీత గీసింది. వేలికి అంటిన బూడిదరంగు దుమ్మును చూసి దులుపుకుంది.

"పై నడవ తాళంచెవి ఇవ్వండి."

"అది ప్రమాదం మేడమ్. మెట్లు..."

"ఇవ్వకపోతే ట్రస్టు అధ్యక్షురాలికి ఫోన్ చేస్తాను. పెద్దాయన కూతురు ఆవిడే కదా?"

నవ్వు చెరగకుండానే అతను సొరుగు తెరిచాడు. కానీ తాళంచెవి బల్ల మీద పెట్టిన చప్పుడు కాస్త గట్టిగానే వినపడింది.

మెట్లు పుచ్చలేదు. అసిస్టెంట్ ఒక్కో మెట్టు మీదా కావాలని గెంతి చూశాడు. పైన, చేతికందే దూరంలో చెట్టు తల. అతను వాలిపోయిన ఆకును మెల్లగా లాగాడు. అది వెన్నలోంచి కత్తి వచ్చినట్టు ఊడి వచ్చింది. అడుగున మొవ్వు, కొత్త ఆకులు పుట్టే లేత చిగురు, నల్లగా కుళ్ళిపోయి ఉంది. నడవ ఇనుప రేకు మీద, సరిగ్గా ఆ చోట, నీలం మరకలు.

"మేడమ్! మొవ్వు పోయింది!" అని పైనుంచి అరిచాడు. అతని గొంతు గాజుకప్పుకి తగిలి రెండుసార్లు వినిపించింది.

కింద అత్తిపత్తి మీదుగా మెడ సాచి చెట్టు మొదలు చూస్తున్న డిటెక్టివమ్మ తలెత్తలేదు. మొదలు చుట్టూ పట్టిన పాచి లేతగా, తడిగా మెరుస్తోంది. ఒక్క మచ్చ కూడా లేదు.

*

మర్నాడు పొద్దున అందరూ పెద్దహాల్లో చేరారు. ట్రస్టు అధ్యక్షురాలు చేతికర్ర పట్టుకుని బెంచీ మీద కూర్చుంది. పక్కన డైరెక్టర్, అతని చేతిలో టైపు చేసిన కాగితం, మూత తీసిన పెన్ను. తోటమ్మ స్తంభానికి ఆనుకుని నిలబడింది. కోడలు ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఆమె విదిలించుకున్నా వదల్లేదు. మెకానిక్ గొట్టంతో సహా వచ్చాడు.

"సంతకం పెట్టిస్తే నా పని అయిపోతుంది. తర్వాత మీ కథ చెప్పుకోండి," అన్నాడు డైరెక్టర్.

"ఒక్క సందేహం తీర్చండి, అదే పెట్టిస్తాను," అంది డిటెక్టివమ్మ. ఆమె గొంతు చాలా మెల్లగా ఉంది. అసిస్టెంట్ ఫోన్ బయటికి తీసి సిద్ధంగా నిలబడ్డాడు. "ఆ రోజు చూసింది అమ్మగారికి చెప్పండి."

డైరెక్టర్ మళ్ళీ చెప్పాడు. మొదట్లో నిలబడి పోస్తోంది, పరుగెత్తింది, వెంటనే ఫోటో.

"వెంటనేనా?"

"ఎన్నిసార్లు చెప్పాలి? ఆమె వీపు తలుపు దాటకముందే!"

"సరే. ఆమె నిలబడిన చోటు చూపించండి."

అతను వేలు చూపించాడు.

"వేలు కాదు. వెళ్ళి నిలబడండి. అమ్మగారికి దూరపు చూపు ఆనదు."

అతను విసుక్కుంటూ బాట దిగాడు. మెరిసే బూట్లతో అయిదారు అంగల్లో చెట్టు మొదలు చేరి ఇటు తిరిగాడు. తిరిగి, కిందికి చూశాడు. అతని మొహంలో రంగు మారింది.

అతను నడిచిన దారి పొడుగునా అత్తిపత్తి ముడుచుకుపోయింది. పచ్చటి పరుపు మధ్య, దువ్వెనతో పాపిడి తీసినట్టు, నల్లటి మట్టి బయటపడింది.

"తియ్యి ఫోటో," అంది డిటెక్టివమ్మ.

అసిస్టెంట్ తీశాడు. డైరెక్టర్ ఇచ్చిన ఫోటో పక్కన దాన్ని పెట్టి అధ్యక్షురాలికి అందించాడు. ముసలావిడ కళ్ళద్దాలు సవరించుకుని ఒకదాన్ని చూసింది, రెండోదాన్ని చూసింది.

"ఈయన ఫోటోలో ఒక్క ఆకు కూడా ముడుచుకోలేదు," అంది డిటెక్టివమ్మ. "అప్పుడే ఒక మనిషి లోపలికెళ్ళి, క్యాన్ పోసి, పరుగెత్తి బయటికి వచ్చిందట. ఆమెకి రెక్కలున్నాయా? ఆ పొద్దున ఆమె ఇందులో కాలు పెట్టలేదు. కానీ క్యాన్ ఉంది. అంటే ఎవరో చాలా ముందే దిగి పెట్టి వెళ్ళారు."

"నేను... కాసేపయ్యాక తీశానేమో," అన్నాడు డైరెక్టర్.

"ఇప్పుడే అందరి ముందూ మీరే వెంటనే అన్నారు. కాసేపయ్యాకైతే మరీ మంచిది, ఆ కాసేపూ ఏం చేస్తున్నారో చెప్పండి. చెప్పరా? నేను చెబుతాను. ఆమె క్యాన్ మేకు నుంచి తీసింది మీరు. మందు పోసి పడమటి వైపు మొదట్లో పెట్టింది మీరు. మీ అడుగుల దారి చెరిగిపోయేదాకా తలుపు దగ్గర కాచుకున్నారు. ఆమె వచ్చింది, తూర్పు వైపు కుండీల ఆకులు కడిగింది, వెళ్ళింది. చెట్టుకి ఇవతల ఉన్న క్యాన్ ఆమెకి కనపడలేదు. అప్పుడు ఫోటో తీశారు. మీ అడుగులు పోవాలని అంత ఓపిగ్గా ఆగారు కదా, ఆమె అడుగులు ఉండాలన్న సంగతే మరిచిపోయారు!"

పైనుంచి నీటి చుక్క ఒకటి రాలి డైరెక్టర్ భుజం మీద పడింది.

"క్యాన్ నిటారుగా ఉండటం చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది," అంది ఆమె. "క్యాన్ వదిలేసి పారిపోయే మనిషి దాన్ని అంత పొందిగ్గా చెట్టుకి ఆనించి పెట్టదు. కంగారులోనూ అలాగే నిలిచిందేమోలే అని దాన్ని పక్కన పెట్టాను. కానీ పాచి సంగతేమిటి? మొదట్లో గడ్డిమందు పోస్తే ముందు చచ్చేది పాచి, తర్వాత అత్తిపత్తి. రెండూ నవనవలాడుతున్నాయి. ఈ చెట్టుని కింది నుంచి ఎవరూ చంపలేదు. ఈ జాతికి ప్రాణం ఒక్కచోటే ఉంటుంది, నెత్తిన, మొవ్వులో. పైనుంచి దాన్లో పోశారు. నడవ రేకు మీద నీలం మరకలున్నాయి. వానలు మొదలైనప్పటి నుంచి ఆ తాళంచెవి మీ సొరుగులో తప్ప ఇంకెక్కడా లేదు. మెట్లు పుచ్చాయన్నారు. మావాడు వాటి మీద గెంతాడు."

"గట్టిగా గెంతానండి," అన్నాడు అసిస్టెంట్.

"ఎందుకు?" అధ్యక్షురాలు కర్ర నేలకేసి కొట్టింది. "చెట్టు ఏం చేసింది నీకు?"

"అడ్డంగా ఉంది," అంది డిటెక్టివమ్మ. "ఈ చెట్టు బతికి ఉన్నంతకాలం ఈ హాల్లో ఇంకేదీ కట్టకూడదని మీ నాన్నగారు షరతు పెట్టారు. ఈయన గదిలో వేడుకల హాలు నమూనా ఉంది. చెట్టు పోయాక, పోయిన వారమే అనుకున్నామని చెప్పారు. దాని మీద నా వేలు మునిగేంత దుమ్ముంది. చెట్టు పచ్చగా ఉన్నప్పుడే, అది లేని హాలుని అట్టతో కట్టుకుని ముచ్చటపడ్డారు."

డైరెక్టర్ సూటు సర్దుకున్నాడు. "ఒక్క చెట్టు కోసం ఇంత రాద్ధాంతమా? ముసలి చెట్టు. ఇవాళ కాకపోతే రేపు కప్పు పగలగొట్టేది. ఆ తోటపని మనిషికి ఎలాగూ ఉద్యోగం..."

"తోటపని మనిషి కాదు, మా అత్త!" కోడలి అరుపుకి హాలు మారుమోగింది. "పిల్లాడికి జ్వరమొస్తే నాకు వదిలేసి ఈ చెట్టుకి నీళ్ళు పెట్టడానికొచ్చింది. దాని కోసం మేమిద్దరం ఎన్ని పోట్లాటలు పోట్లాడుకున్నామో నీకు తెలుసా? దాన్ని చంపింది చాలక ఆ పాపం ఆమె నెత్తిన రుద్దుతావా?"

అధ్యక్షురాలు చెయ్యి చాపింది. డైరెక్టర్ ఆ టైపు చేసిన కాగితం ఇవ్వకుండా వెనక్కి తీసుకోబోయాడు. అసిస్టెంట్ లాక్కుని ఇచ్చాడు. ఆవిడ దాన్ని చదవకుండానే నాలుగు ముక్కలు చేసింది. "పోలీసుల్ని పిలవాలనుకున్నావుగా. పిలుద్దాం," అంది.

మెకానిక్ గొట్టం కింద పడేసి పడమటి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

*

పోలీసులు వచ్చి వెళ్ళాక అధ్యక్షురాలు కర్ర ఊతంతో తోటమ్మ దగ్గరికి నడిచింది. "తప్పు జరిగిపోయింది. నన్ను క్షమించు. నువ్వు ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఇక్కడే..."

"పైకెక్కి చూడనివ్వమని మీకూ కబురు పెట్టాను అమ్మగారూ," అంది తోటమ్మ. "వాన పడుతుండగా మీ గేటు దగ్గర నిలబడ్డాను. బిజీగా ఉన్నారన్నారు."

అధ్యక్షురాలు కర్ర మీద వాలి నేల చూసింది. తోటమ్మ చెట్టు వైపు తిరిగింది.

అసిస్టెంట్ మేడమ్ చెవిలో గొణిగాడు. "గెలిచాం కదా మేడమ్. అయినా ఎవరి మొహంలోనూ..."

"ఏం గెలిచాం?" అంది డిటెక్టివమ్మ. "పైకి చూడు."

పసుపు ఆకు ఊడిన చోట గాజుకప్పులోంచి ఎండ నేరుగా పడుతోంది. కింది ఆకులకు ఇంకా సంగతి తెలిసినట్టు లేదు, పచ్చగా ఊగుతున్నాయి.

తోటమ్మ చెప్పులు విడిచింది. బాట అంచుదాకా వెళ్ళి ఒక్క క్షణం ఆగింది. తర్వాత అత్తిపత్తిలోకి దిగింది.

"అక్కా!" అన్నాడు మెకానిక్. తోటమ్మ దాన్లో కాలు పెట్టడం అతను ఎప్పుడూ చూడలేదు.

"ముళ్ళున్నాయి అత్తయ్యా! ఉత్త కాళ్ళతో వెళ్తావేంటి?"

ఆమె వినిపించుకోలేదు. ఆమె అడుగు పడిన చోటల్లా ఆకులు ముడుచుకున్నాయి. మొదలు దగ్గరికి వెళ్ళి రెండు అరచేతులూ చెట్టుకి ఆనించి నిలబడింది. వీపు మాత్రమే కనపడుతోంది. ఆ వీపు కదిలినప్పుడు కోడలు తల పక్కకు తిప్పుకుంది.

కాసేపటికి ఆమె తిరిగొచ్చింది. పోలీసులు మందు సీసాలో పోసుకుని వదిలేసిన తన క్యాన్‌ను కుళాయి కింద పెట్టి, ఇసుకతో రుద్ది రుద్ది కడిగింది. మూలకు తీసుకెళ్ళి ఖాళీ మేకుకు బోర్లించి తగిలించింది.

"పద. ఆకలేస్తోంది," అంది కోడలితో. "కూర మాడ్చలేదు కదా?"

"మాడ్చాను. నువ్వు తిట్టాలిగా."

వాళ్ళిద్దరూ తూర్పు తలుపు దాటి వెళ్ళిపోయారు. డిటెక్టివమ్మ కదల్లేదు. అసిస్టెంట్ కూడా ఆమె పక్కనే నిలబడి అత్తిపత్తి వైపు చూశాడు. డైరెక్టర్ బూట్ల దారి అప్పటికే మాయమైంది. తోటమ్మ అడుగుల దారి మాత్రం, వెళ్ళిందీ వచ్చిందీ, ఇంకా స్పష్టంగా ఉంది.